జూ వానరాలకు బాక్టీరియా ముప్పు: ముందుజాగ్రత్తే రక్ష

జీవజాలంలో మానవునికి అత్యంత సన్నిహితమైనవి వానరాలు. ఈ సాన్నిహిత్యం కారణంగానే మానవుల వ్యాధులు వాటికి సులభంగా సంక్రమిస్తున్నాయి. మెదడు, వెన్నుపాములను ఆవరించి ఉండే పొరలకు బాక్టీరియా సోకడం వల్ల వచ్చే మెనింజైటిస్ ఇటువంటిదే. చింపాంజీలలో ఈ వ్యాధిని కలిగించగల న్యుమోకాకస్ క్రిమి సాధారణంగా మనుషుల ముక్కు, గొంతులలో ఉంటుంది. దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా అది ఎన్‌క్లోజర్లలోకి ప్రవేశించే అవకాశమున్నది.

వ్యాధిని సకాలంలో గుర్తించడమే ప్రధాన సమస్య. వన్యప్రాణులు అస్వస్థతను బయటపడనీయవు. ఆహారం మానివేయడం, మందకొడిగా ఉండడం, తూలడం, మూర్ఛపోవడం వంటి లక్షణాలు కనిపించేసరికి పరిస్థితి విషమిస్తుంది. వెన్నుపాము ద్రవాన్ని పరీక్షించాలంటే మత్తుమందు ఇవ్వక తప్పదు. అందువల్ల అనేక సందర్భాలలో మరణానంతర పరీక్షలోనే అసలు కారణం వెల్లడవుతున్నది.

హాంకాంగ్ నేర్పిన పాఠం

హాంకాంగ్ జంతు, వృక్ష ఉద్యానంలో 2024 అక్టోబరు 13న ఒకే రోజు 8 కోతులు మరణించాయి. అనంతరం మృతుల సంఖ్య 12కు చేరింది. మట్టిలో నివసించే మెలియాయిడోసిస్ బాక్టీరియా రక్తానికి సోకడమే కారణమని పరీక్షలలో తేలింది. ఎన్‌క్లోజర్ల సమీపంలో పైపుల కోసం తవ్విన మట్టి, సిబ్బంది పాదరక్షల ద్వారా లోపలికి చేరి ఉండవచ్చునని అక్కడి అధికారులు భావించారు. అది మెనింజైటిస్ కాకపోయినప్పటికీ పాఠం ఒక్కటే. రోగక్రిమి శ్వాస ద్వారా వచ్చినా, మట్టి ద్వారా వచ్చినా, దానిని మోసుకువచ్చేది మనిషే కావచ్చు.

మన జంతు ప్రదర్శనశాలలు

హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2021 మే నెలలో 8 సింహాలకు కరోనా సోకినట్లు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు నిర్ధారించారు. అవి కోలుకున్నాయి. మనుషులలో వ్యాపించే వ్యాధి జూలోని జంతువులనూ తాకగలదని ఆ సంఘటన స్పష్టం చేసింది. కొత్తగా వచ్చిన జంతువులను విడిగా ఉంచడం, పశువైద్య సేవలు, మరణానంతర పరీక్షలను 2009 నాటి జూ గుర్తింపు నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అయితే ఈ నిబంధనల ఫలితం నిత్యం ఎన్‌క్లోజర్లలో పనిచేసే సంరక్షకుల అప్రమత్తతపైనే ఆధారపడి ఉన్నది.

జలుబు, జ్వరం ఉన్న సిబ్బందిని వానరాల విధులకు దూరంగా ఉంచడం, ప్రవేశద్వారాల వద్ద పాదరక్షలను క్రిమిరహితం చేయడం, తవ్వకాల సమయంలో జంతువులను వేరొకచోటికి తరలించడం ఖర్చుతో కూడిన పనులు కావు. సందర్శకులు సైతం తాము తినే పదార్థాలను కోతులకు వేయకుండా, కంచెకు దూరంగా నిలబడి సహకరించవలసి ఉన్నది. చికిత్సకు వ్యవధి చిక్కని వ్యాధికి నివారణే శరణ్యం.