పేరు మార్చి వేసిన బిల్లు కాదు

సంపాదకులకు,

కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన సీటీకే యాంజియోగ్రఫీ అని పేరు పెట్టి అమెరికా ఆసుపత్రులు ఎక్కువ బిల్లు వేస్తున్నాయన్న మీ గత సంచిక వ్యాసంతో నేను ఏకీభవించను. హైదరాబాద్‌లో ఉండి అక్కడి రిపోర్టులకే కోడింగ్ చేస్తున్నాను. ఛాతీకి కాంట్రాస్ట్ సీటీ అయితే బిల్లింగ్ కోడ్ 71260, సీటీ యాంజియో అయితే 71275. మందు రెంటికీ ఎక్కిస్తారు. యాంజియోలో రక్తనాళాలను త్రీడీ చిత్రాలుగా మలచాలి. ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ ఉందేమోనని డాక్టరు యాంజియోయే రాసినా, రిపోర్టులో ఆ త్రీడీ పని కనబడకపోతే మేం 71260 మాత్రమే వేయాలి. పైగా త్రీడీకని 76377 విడిగా కలపకూడదు, అది 71275లోనే ఇమిడి ఉంది. అసలు చిక్కంతా రిపోర్టు రాతలోనే. రేడియాలజిస్టు ఒక్క వాక్యం వదిలేస్తే చేసిన పనికీ డబ్బు రాదు. చేయనిది రాస్తే రోగి జేబుకు చిల్లు. అక్కడున్న మనవాళ్లు బిల్లుతోపాటు రిపోర్టునూ అడిగి తీసుకోవాలి.

– ఒక మెడికల్ కోడర్, హైదరాబాద్