ఖాళీలను పూరింపుము

"వాళ్ళ భాషలో వ్యాకరణమే లేదండీ, ఇక ఇంగ్లీషు వ్యాకరణం వాళ్ళకెక్కడ పట్టుబడుతుంది!" సైగాన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ మాట మన తెలుగువారి నోటనే పలుమార్లు విన్నాను. ఆ నగరం పేరు 1976 నుండి హో చి మిన్ నగరమే అయినా ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ సైగాన్ అనే అంటారు. మొదట్లో నేనూ తల ఊపినవాణ్ణే. ఇప్పుడు ఆ మాట ఎవరన్నా ఊరుకోలేను. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

మా ఇంటి యజమానురాలి కూతురు 2019లో పన్నెండో తరగతి పరీక్షకు చదువుతుండేది. నాకు ఇంగ్లీషు వచ్చునన్న నమ్మకంతో రోజూ సాయంత్రం అభ్యాస పుస్తకం పట్టుకొని వచ్చేది. పుస్తకం నిండా మనం చిన్నప్పుడు చేసినవే: ఖాళీలను పూరింపుము, సరియైన జవాబును గుర్తింపుము. ఆమె పెన్సిలు తడబడేది కాదు. ఏ క్రియకు ఏ రూపమో, ఏ నామవాచకం ముందు ఏ విభక్త్యర్థకమో ఠకఠకా గుర్తు పెట్టేది. పుస్తకం మూసి, "నిన్న ఏం చేశావమ్మా?" అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం తల వంచుకునేది. చివరికి వచ్చే జవాబు, "నిన్న నేను వెళ్ళు సంత" అన్న తీరులో ఉండేది. నేను వెంటనే దిద్దేవాణ్ణి. ఆమె ఇంకా ముడుచుకుపోయేది. నెల తిరిగేసరికి నాతో ఇంగ్లీషు మాట్లాడటమే మానేసింది. ఆ తప్పు నాది. మా మాస్టారు నాకు చేసిందే నేను ఆమెకు చేశాను.

వియత్నామీ భాషకు వ్యాకరణం లేదన్నది శుద్ధ అజ్ఞానం. అందులో క్రియ రూపం మారదు, అంతే. జరిగినదానికి 'ద', జరుగుతున్నదానికి 'దాంగ్', జరగబోయేదానికి 'సే' అని క్రియకు ముందు చేరుస్తారు. 'నిన్న' అనే మాట ఉంటే కాలం తెలిసిపోయింది గనుక అదీ అక్కరలేదు. ఒకసారి చెప్పినదాన్ని క్రియలో మళ్ళీ చెప్పడం ఆ భాష దృష్టిలో వృథా. నామవాచకం ముందు వర్గసూచకం పెట్టడంలోనూ, పదాల వరుసలోనూ ఆ భాష ఎంత కట్టుదిట్టమో నేర్చుకోబోయిన నాకు తెలుసు. హనోయి పలుకుబడిలో స్వరాలు ఆరు. 'మ' అన్న ఒక్క అక్షరమే స్వరాన్ని బట్టి దెయ్యం, అమ్మ, కానీ, సమాధి, గుర్రం, వరినారు అవుతుంది. ఇన్ని తేడాలను పసితనంలోనే పట్టుకున్న చెవికి ఇంగ్లీషు పట్టదా?

ఆ అమ్మాయి తప్పులు తోచినట్టు దొర్లినవి కావు. ప్రతి తప్పు వెనుకా సొంత భాషలోని ఒక ఒప్పు ఉంది. 'ఆల్దో' అని మొదలుపెట్టి నడుమ 'బట్' తగిలిస్తుంది, ఎందుకంటే వాళ్ళ భాషలో 'త్వీ'కి జోడీగా 'న్యుంగ్' రావాలి. 'బికాజ్' వెంట 'సో' వస్తుంది, ఎందుకంటే 'వీ' వెంట 'నేన్' వస్తుంది. "మా ఇంట్లో ఐదుగురు ఉన్నారు" అనడానికి 'హావ్' వాడుతుంది, ఎందుకంటే కలిగి ఉండటానికీ, ఉండటానికీ వాళ్ళకు 'కో' ఒక్కటే మాట. మనకు మాత్రం? "నాకు ఇల్లు ఉంది", "ఊళ్ళో గుడి ఉంది": రెంటికీ ఒకటే 'ఉంది'. "దీపం వెలిగించు" అనడానికి ఆమె 'ఓపెన్ ద లైట్' అంటే పగలబడి నవ్విన మన మిత్రుడు, ఆ వెంటనే ఫ్యాను వెయ్యమనడానికి 'పుట్ ద ఫ్యాన్' అన్నాడు. నవ్వు ఎవరి మీద?

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది చివరి హల్లుల సంగతి. వియత్నామీ మాట చివర ప, త, క, మ, న, ఙ వంటి కొద్ది ధ్వనులే నిలుస్తాయి. 'స'కారం అక్కడ నిలవదు, జంట హల్లులు అసలే నిలవవు. అందుచేత రైస్, రైజ్, రైడ్ మూడూ ఆ నోట ఇంచుమించు ఒకటవుతాయి. బహువచనపు 'స్', భూతకాలపు 'డ్' కాగితం మీద చక్కగా రాసిన పిల్ల నోట అవి రాలిపోతాయి. వినేవాడు "వ్యాకరణం రాదు" అని తీర్పు చెబుతాడు. రానిది వ్యాకరణం కాదు, ఆ ధ్వని. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి గనుక మనం బస్సుకూ కారుకూ ఒక 'ఉ' తగిలించి బయటపడ్డాం. వాళ్ళు తుంచి బయటపడతారు. తగిలించినవాడు తుంచినవాణ్ణి వెక్కిరించడమేమిటి?

ఇంత స్పష్టంగా తెలిసిన తప్పులకు ఆ పుస్తకంలో మందు ఏదీ? ఏ దేశపు పిల్లలకైనా అవే ఖాళీలు, అవే నాలుగు జవాబులు. పరీక్ష చూడండి. 2019లో యాభై ప్రశ్నలు, అరవై నిమిషాలు, అన్నీ బహుళైచ్ఛికాలే. వాటిలో నాలుగు ప్రశ్నలు ఉచ్చారణ మీద, పదంలో ఊనిక మీద. ఉచ్చారణను పెన్సిలుతో పరీక్షించారన్నమాట! ఒక్క మాటైనా పైకి పలకకుండా పూర్తి మార్కులు తెచ్చుకోవచ్చు. ఈత వచ్చునో రాదో ఒడ్డున కూర్చోబెట్టి అడిగినట్టుంది.

ప్రభుత్వం పట్టించుకోలేదని అనను. 2008లో విదేశీ భాషల బోధనకు జాతీయ ప్రణాళిక వేసి 2020ని గడువుగా పెట్టుకున్నారు. ఆ లక్ష్యాలు అందవని 2016లో విద్యామంత్రే జాతీయ శాసనసభలో ఒప్పుకున్నారు. ఇప్పుడు మూడో తరగతి నుండే ఇంగ్లీషు తప్పనిసరి. 2024లో, బడుల్లో ఇంగ్లీషును క్రమంగా రెండో భాషగా చేయాలని పార్టీ నిర్ణయించింది. 2025 నుండి పరీక్షలో విదేశీ భాష ఐచ్ఛికమైంది, ప్రశ్నలు నలభైకి తగ్గాయి, పెన్సిలు ఉచ్చారణ పోయింది. మంచిదే. కానీ పోయినదాని స్థానంలో నోటికి పని చెప్పేది మాత్రం రాలేదు.

"లక్షలమంది పిల్లల్ని ఒక్కొక్కరినీ మాట్లాడించి మార్కులు వేయడం అయ్యే పనేనా? బహుళైచ్ఛికంలో పక్షపాతానికి తావుండదు గదా" అని అడుగుతారు. సమంజసమైన ప్రశ్నే. పల్లెటూరి పేదపిల్లకు, నగరంలో ఖరీదైన కోచింగు తీసుకున్న పిల్లకు ఒకే కొలబద్ద ఉండటం చిన్న విషయం కాదు. పరీక్షను అలాగే ఉండనివ్వండి. కానీ పరీక్ష నమూనానే పాఠం చేయమని ఎవరన్నారు? త్రాసు సరుకును తూచుతుందే గాని పండించదు.

అభ్యాసం వద్దని కూడా నేను అనడం లేదు. వల్లెవేయకుండా ఏ భాషా రాదు. ఏది వల్లెవేయాలన్నదే ప్రశ్న. 'త్వీ–న్యుంగ్' వాక్యాన్నీ ఇంగ్లీషు వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి, ఇక్కడ జోడీలో ఒకటి ఎందుకు దిగిపోతుందో చూపించి పది వాక్యాలు చేయించండి. చివరి హల్లుకు రోజూ ఐదు నిమిషాలు నోటితో సాధన చేయించండి. 'ఓపెన్' అన్న మాటను ఒక్క అర్థంతో జాబితాలో ఎక్కించకండి, తలుపుతో, పుస్తకంతో, దుకాణంతో కలిపి ఇవ్వండి. దీపంతో ఎందుకు రాదో చెప్పండి. ముఖ్యంగా, తప్పు చేసిన పిల్లతో "నీ భాష ప్రకారం నువ్వన్నది సరైనదే, వీళ్ళ పద్ధతి వేరు" అని మొదలుపెట్టండి.

నాకు ఈ ఎరుక కలిగించింది వ్యాకరణ గ్రంథం కాదు, ఆ అమ్మాయే. ఆమె నన్ను 'చూ' అని పిలిచేది, అంటే మన బాబాయి. తనను తాను 'కోన్' అనేది, అంటే బిడ్డ. వాళ్ళ భాషలో నేను, నువ్వు అన్నవి ఎక్కువగా చుట్టరికాలే. ఒకరోజు తల్లి ద్వారా కబురు పంపింది: బాబాయిని మొహం మీద 'యూ' అనడానికి నోరు రావడం లేదట. నేను అజ్ఞానం అనుకున్నది మర్యాద! మరునాడు ఆమెతో, "నన్ను చూ అనే పిలువు, మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పు" అన్నాను. ఆ సాయంత్రం సంత గురించి అరగంట మాట్లాడింది. తప్పులు లెక్కపెట్టలేదు.

ఆ అరగంటకు ఏ ప్రశ్నపత్రంలోనూ మార్కులు లేవు. ఉండాలనే నా వాదం.