సర్కారు వకాలతు

న్యాయశాస్త్రమున పట్టము నొంది, క్రొత్త నల్లకోటు తొడుగుకొని కోర్టు ముంగిట నిలిచిన యువకుని మొదటి చింత యింటి అద్దెనుగూర్చినది. పెద్ద వకీలు వెంట కాగితపు కట్టలు మోయుచు, వాయిదాలు వ్రాసికొనుచు మూడు నాలుగేండ్లు గడచువరకు వానికి చెప్పుకొనదగిన రాబడి యుండదు. తండ్రి వకీలైనవానికి కక్షిదారులు ఆస్తివలె సంక్రమింతురు. రైతుబిడ్డకును, కూలివాని కుమార్తెకును ఆ భాగ్యము లేదు. కావుననే సర్కారు న్యాయశాఖలలోని కొలువులకై చదువుకొను యువజనులతో మన పఠనమందిరముల బల్లలు నిండుచున్నవి. ఈ యాశను కొందరు పెద్దలు చులకనగా జూచుచున్నారు. ఇరువదియేండ్లుగా కోర్టులలో నిలిచిన మేము అట్లు చూడజాలము.

సర్కారు వకాలతు పుచ్చుకొనుట దేశాభిమానికి తగని పనియని మనవారు తలచిన కాలమొకటి గలదు. 1921లో టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు హైకోర్టులోని గొప్ప ప్రాక్టీసును విడిచి ఉద్యమమున దిగిరి. నెల్లూరు మండలమున జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు 1929 మొదలు 1944 వరకు అదే హైకోర్టులో మదరాసు ప్రభుత్వమునకు అడ్వొకేటు జనరలుగా నుండి, పిమ్మట రాజ్యాంగ ముసాయిదా సంఘమున సభ్యులై, తమ శాస్త్రజ్ఞానమునంతయు దేశమునకు ధారపోసిరి. ఒకరి త్యాగమును, మరియొకరి పాండిత్యమును మనకు గౌరవపాత్రములే. 1950 జనవరి 26వ తేదీ మొదలుగా ఆ పాత చిక్కు తీరినది. సర్కారు పక్షమున నిలుచు వకీలు నేడు ప్రజల వకీలు కావలసినవాడు. అయినాడా యనునదే మన ముందున్న ప్రశ్న.

మొదట అవకాశములను విచారింతము. శిఖరమున 76వ అధికరణముచొప్పున భారతదేశపు అటార్నీ జనరలును, 165వ అధికరణముచొప్పున రాష్ట్రముల అడ్వొకేటు జనరళ్లును కలరు. అవి కొద్దిమందికి దక్కు పదవులు. కేంద్రప్రభుత్వమున 1957లో నేర్పడిన ఇండియన్ లీగల్ సర్వీసు కలదు. దానివారు మంత్రిత్వశాఖలకు న్యాయసలహా లిత్తురు, బిల్లుల ముసాయిదాలు వ్రాయుదురు. రాష్ట్రములలో మేజిస్ట్రేటు కోర్టులందు అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటర్లు కలరు. తెలంగాణమున 2021లో 151 ఉద్యోగములకు పరీక్ష ప్రకటించిరి. సెషన్సు కోర్టులలో పబ్లిక్ ప్రాసిక్యూటరు కాదలచినవానికి ఏడేండ్లకు తక్కువకాని ప్రాక్టీసు వలయును. సివిలు వ్యాజ్యములలో గవర్నమెంటు ప్లీడర్లు ప్రభుత్వపక్షమున వాదింతురు. 1987నాటి న్యాయసేవాధికార చట్టము క్రింద 2022లో వచ్చిన పథకమువలన, ముద్దాయియైన పేదవాని పక్షమున వాదించుటకును ప్రజాధనముతో పూర్తికాలపు వకీళ్లను నియమించుచున్నారు. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేయువాడు వకీలు కాకపోడనియు, జిల్లా జడ్జి పదవికి వలయు ఏడేండ్లలో ఆ సేవయు చేరుననియు సుప్రీముకోర్టు 2013లో తీర్పు చెప్పినది. కాబట్టి ఈ త్రోవ న్యాయపీఠమువరకు పోవుచున్నది.

ఇక పని యెట్టిదో చూతము. పోలీసువారు తెచ్చిన కేసును ఎట్లైన గెలిపించుటయే ప్రాసిక్యూటరు ధర్మమని లోకులు తలంచుచున్నారు. కొందరు ప్రాసిక్యూటర్లును అట్లే తలంచుచున్నారు. అది పొరపాటు. ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యమున్నను దానిని కోర్టు ముందుంచవలసినవాడు ప్రాసిక్యూటరు. అందుకే 1995లో సుప్రీముకోర్టు, మహారాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యములో, అసిస్టెంటు ప్రాసిక్యూటర్లను పోలీసుశాఖ యేలుబడినుండి తప్పించి వేరుశాఖగా నేర్పరుపుమని ఆజ్ఞాపించినది. అయినను పైన జెప్పిన తెలంగాణపు పరీక్షను జరిపినది పోలీసు నియామక మండలియే. ఆ పరీక్ష సక్రమముగా జరుగలేదని మే మనుట లేదు. నాళ్లు గడచిన పిమ్మట ఇన్‌స్పెక్టరు పంపిన కాగితములలోని లోపమును నిర్భయముగా చూపవలసినవానిని, మొదటినాడే ఆ శాఖవారి గుమ్మములో నిలువబెట్టుట తగునా యని మాత్రమే మే మడుగుచున్నాము.

కేసును ఉపసంహరించు అధికారమును ఇట్టిదే. పాత స్మృతిలో 321వ సెక్షనును, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 360వ సెక్షనును ఆ యధికారమును ప్రాసిక్యూటరు చేతబెట్టినవి. ఆతడు తన బుద్ధితో ఆలోచించి, కోర్టు అనుమతి పుచ్చుకొని చేయవలసిన పని యది. బాధితుని మాట వినకుండ అనుమతి యీయరాదని క్రొత్త సంహిత చేర్చినది, మంచిదే. కాని పైనుండి వచ్చిన ఉత్తరువుక్రింద సంతకము మాత్రము చేయువాడు ప్రాసిక్యూటరైనచో, ఏ సెక్షను ఎవరిని రక్షింపగలదు?

సివిలు పక్షమునను ఇంతే. ప్రభుత్వముపై దావా వేయదలచినవాడు రెండుమాసముల ముందు నోటీసీయవలెనని సివిల్ ప్రొసీజరు కోడు 80వ సెక్షను చెప్పుచున్నది. న్యాయమైన కోరికను వకీలు సలహాతో పరిశీలించి కోర్టుకెక్కకుండ తీర్చుట దాని యుద్దేశము. ఆ నోటీసులకు జవాబే రాకుండుటయో, వచ్చినను డొంకతిరుగుడుగా నుండుటయో వాడుకయైనదని 2005లో సుప్రీముకోర్టే వాపోయినది. మా యెరుకలో నొక రైతు పొలము కాలువక్రింద బోయెను. క్రిందికోర్టు పరిహారము పెంచెను. అప్పీలు అనవసరమని ప్రభుత్వపు వకీలే వ్రాసి యిచ్చెను. ఆ కాగితము ఫైలులో నుండగనే అప్పీలు దాఖలయ్యెను, కొట్టివేయబడెను. సొమ్ము వచ్చునాటికి రైతు లేడు, కుమారులు పుచ్చుకొనిరి. ఆ వకీలు మాటకు విలువ యుండినచో ఆ ముసలివాడు తన సొమ్మును తన చేతితో లెక్కించుకొనియుండును.

విలువ యెందుకు లేదు? నియామకపు తీరు చూడుడు. పరీక్షవలన వచ్చిన కొలువులను మినహాయించినచో, తక్కిన పదవులు మంత్రివర్గము మారినతోడనే మారుచున్నవి. 1990లో ఉత్తరప్రదేశ ప్రభుత్వము రాష్ట్రమునందలి జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులనందరను ఒక్క కలముపోటుతో తొలగింపగా, అది రాజ్యాంగవిరుద్ధమని సుప్రీముకోర్టు కొట్టివేసినది. 2016లో పంజాబు, హర్యానాల విషయమున, అవసరమును లెక్కగట్టి, యోగ్యతను పరిశీలించి, పారదర్శకముగా న్యాయాధికారులను నియమింపవలెనని మరల జెప్పినది. సెషన్సు జడ్జితో సంప్రదించి కలెక్టరు పేర్ల పట్టిక సిద్ధపరుపవలెనని శాసనమే చెప్పుచున్నది. కాని పట్టిక పైకి పోవుటకు ముందే పార్టీ కార్యాలయమునుండి చీటీ వచ్చినయెడల సంప్రదింపు తంతుగా ముగియును. చీటీతో వచ్చినవాడు చీటీ వ్రాసినవానికి జవాబుదారి యగును. కోర్టుకు గాదు, ప్రజలకు గాదు.

కావున ప్రభుత్వములను నాలుగు కోరుచున్నాము. ఖాళీలను, అర్హతలను బహిరంగముగా ప్రకటించి, న్యాయాధిపతుల ప్రాతినిధ్యముగల సంఘముద్వారా ఎన్నిక జరుపవలయును. నియమితకాలమునకు ముందు కారణము వ్రాయక ఎవ్వరిని తొలగింపరాదు. జీతమును ఫీజును నెలనెల చెల్లింపవలయును. ప్రభుత్వపు వకీలు అప్పీలు వలదని వ్రాసినచో, దానిని త్రోసివేయు అధికారి తన కారణమును తన సంతకముతో వ్రాయవలయును. ఈ నాలుగింటికిని పెద్ద వ్యయము లేదు.

యువకులారా, యువతులారా, ఈ కొలువులకు రండు. జీతమునకై వచ్చుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదు. కడుపు నిండని వకీలు నిర్భయుడుగా నుండుట కష్టము. రాత్రి మేలుకొని రికార్డు చదువుడు. సాక్షిని బోను ఎక్కించుటకు ముందు, వరండాలో నిలువబెట్టక, కూర్చుండబెట్టి మాటాడుడు. తప్పుకేసు వచ్చినచో తప్పని వ్రాయుడు. సిఫారసు చీటీకై మాత్రము ఎవ్వరి గుమ్మమును తొక్కకుడు. ఆ అప్పు తీర్చుమని ఒకనాడు తప్పక అడుగుదురు, ఆనాడు మీ యెదుట బోనులో నిలిచియుండువాడు నిరపరాధి కావచ్చును.