వాళ్ల దేవుణ్ణి వాళ్ల భాషలోనే: మా ప్రణాళిక

సైన్యంలో ధర్మగురువులుగా పనిచేసి రిటైరైనవాళ్లం, మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సులుగా చేసినవాళ్లం, బిడ్డల్ని సరిహద్దుకు పంపినవాళ్లం కొందరం కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. మేం అడుగుతున్నది ఒక్కటే. గాయపడ్డ సైనికుడికి, చావుకు దగ్గరైన సైనికుడికి ఊరట అతని విశ్వాసంలోనే, అతని మాతృభాషలోనే అందాలి. పక్కనున్న గురువుది ఏ మతమైనా సరే.

మన సైన్యానికి ఈ ఆలోచన కొత్తేం కాదు. పండితులు, గ్రంథీలు, మౌల్వీలు, పాద్రీలు, లడఖ్ స్కౌట్స్ కోసం బౌద్ధ భిక్షువులు నాయబ్ సుబేదార్ హోదాలో చేరుతూనే ఉన్నారు. చాలాచోట్ల ఒకే కప్పు కింద అన్ని మతాలకూ ‘సర్వ ధర్మ స్థల్’ ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, యూనిట్లో ఏ మతంవాళ్లు ఎక్కువుంటే సాధారణంగా గురువూ ఆ మతం మనిషే. సిక్కు గ్రంథి ఒక్కరే ఉన్న కొండమీది పోస్టులో గుంటూరు లూథరన్ కుర్రాడు పడిపోయాడనుకోండి. పాద్రీ కిందినుంచి ఎక్కి వచ్చేదాకా ప్రాణం ఆగదు. ఆ గ్రంథిగారికి పరలోక ప్రార్థన తెలుగులో రావాలి. నోటికి రాకపోతే గుర్ముఖి లిపిలో రాసుకున్న కాగితమైనా జేబులో ఉండాలి. ఉచ్చారణ తప్పినా ఆ కుర్రాడికి అర్థమవుతుంది.

ఫ్రాన్స్‌లో లియోన్ నగర ప్రధాన రబ్బీ అబ్రహాం బ్లాక్ 1914 ఆగస్టు 29న యుద్ధభూమిలో చనిపోయాడు. కొన ఊపిరితో ఉన్న కేథలిక్ సైనికుడొకడు ఆయన్ని ఫాదర్ అనుకుని సిలువ అడిగాడనీ, ఆయన వెతికి తెచ్చి చేతికిచ్చాడనీ, ఆ కాసేపటికే షెల్లు తగిలి ప్రాణం పోయిందనీ చెబుతారు. యూదు రబ్బీ సిలువ పట్టుకున్నాడు. ఆయన యూదుతనం ఏమీ తరిగిపోలేదు.

ఇదంతా అందరికీ నచ్చుతుందనే భ్రమ మాకు లేదు. 1945 మార్చిలో ఇవోజిమా దీవిలో అమెరికా మెరైన్ల శ్మశానం ప్రారంభిస్తూ, అన్ని మతాల మృతులకూ కలిపి జరిగే సభలో ప్రసంగించమని రబ్బీ రోలండ్ గిటిల్‌సన్‌ను పిలిచారు. క్రైస్తవ చాప్లిన్లు (సైనిక గురువులు) కొందరు అడ్డం తిరిగారు. పిలిచిన డివిజన్ చాప్లిన్‌కు ఇబ్బంది ఎందుకని గిటిల్‌సనే వెనక్కి తగ్గాడు. చివరికి ఎవరి సభ వాళ్లే పెట్టుకున్నారు. అయితే ముగ్గురు ప్రొటెస్టెంట్ చాప్లిన్లు సొంత సభ మానుకుని ఆయన మాట వినడానికి వెళ్లారు. మేం చేరమని పిలుస్తున్నది ఆ ముగ్గురిలాంటి వాళ్లనే.

మన దగ్గరా ఈమధ్య ఒక తగవు కోర్టుకెక్కింది. రెజిమెంటు గుడిలో గర్భాలయం దాకా రానన్న క్రైస్తవ అధికారిని సైన్యం తొలగించింది. 2025 మేలో ఢిల్లీ హైకోర్టు, నవంబరులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించాయి. జవాన్లను నడిపించే అధికారి బాధ్యత గురించిన తీర్పు అది, దాన్ని తిరగదోడడం మా పని కాదు. మా సభ్యుల విషయంలో మాత్రం గీత ఇక్కడ గీస్తున్నాం: ఎవరూ తన మనస్సాక్షికి ఎదురెళ్లి పూజ చేయనక్కర్లేదు. ముస్లిం జవానుతో అతని విశ్వాస వాక్యమైన కలిమా చెప్పించే పండితుడు కలిమాను నమ్మనక్కర్లేదు. ఆ క్షణంలో నమ్మకం చనిపోయేవాడిది, నోరు మాత్రమే మనది.

అందుకని నేర్చుకోవలసింది చాలా ఉంది. సిక్కు జవాను చేతి కడియం ఆపరేషన్ ముందు ఊరికే లాగెయ్యకూడదు. వీలైతే టేపు చుట్టి ఉంచమని డాక్టరును అడగాలి, తప్పదంటే అతనికి చెప్పి తీయాలి. ముస్లిం సోదరుడి మంచం కిబ్లా (మక్కా) వైపు తిప్పడానికి దిక్కు తెలిసుండాలి. హిందువు నోట్లో తులసి తీర్థం పోసేముందు మింగగలడో లేడో నర్సమ్మను అడగాలి, లేదంటే పెదవులు తడిపితే చాలు. కేథలిక్కులకు అవస్థ అభ్యంగనం ఫాదరే ఇవ్వాలి, అందులో మనం వేలు పెట్టకూడదు. ఫాదర్‌కు ఫోను చేసి, ఆయన వచ్చేలోపు జపమాల చేతికివ్వొచ్చు. దేవుడు లేడనేవాడి దగ్గర నోరు మూసుకుని కూర్చోవాలి. మాలో ప్రవచనకారులకు అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే!

సైనిక గురువులకు ఇచ్చే శిక్షణలో ఈ పాఠాలు, ప్రాంతీయ భాషల్లో ప్రార్థనలు తప్పనిసరి చెయ్యాలని రక్షణ శాఖను కోరుతున్నాం. ఆ లోపు మా పని మేం మొదలుపెడతాం. మిలిటరీ మాధవరంలాంటి ఊళ్లలో, సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టుపక్కల కాపురాలున్న సైనిక కుటుంబాల దగ్గర కూర్చుని, ఏ ఇంట్లో ఏ ప్రార్థన ఎలా పలుకుతారో రాసుకుంటాం. చిన్న పుస్తకంగా అచ్చువేసి, అడిగిన ప్రతి గురువుకూ ఉచితంగా పంపుతాం.

మతం మార్చినవాడికి, మార్చాలని చూసినవాడికి కూడా సభ్యత్వం అక్కడితో సరి. దక్షిణలు, కానుకలు ముట్టుకోం. ఏ పార్టీ జెండా కిందా నిలబడం. మంచం పక్కన ఫోటోలు దిగం, ఎవరి దగ్గర కూర్చున్నామో పేపర్లకు చెప్పం.