చేనికి మనం పడ్డ బాకీ

మన కళాశాలలో రైతు బిడ్డలం చాలామందిమే ఉన్నాం. అయినా నేల గురించి పాఠం వస్తే అదేదో పరదేశపు నేల అన్నట్టు రాసుకొని, పరీక్షలో అప్పజెప్పి వస్తాం. నేనూ అంతే. పోయిన ఏడాది ప్రాక్టికల్స్‌లో సేంద్రియ కర్బనం పరీక్షకు ఊరి నుంచి రెండు పొట్లాల మట్టి తెచ్చాను. ఒకటి గెనిమ మీది కానుగ చెట్టు కిందిది, రెండోది అదే చేను నడిమిది. రెండింటికీ పొటాషియం డైక్రోమేట్, గంధకామ్లం ఒకే కొలతన పోశాను. చెట్టు కింది మట్టి ఉన్న ఫ్లాస్కు ఆకుపచ్చకు తిరిగింది. చేను మట్టిది నారింజ రంగు వదల్లేదు. కర్బనం ఉంటే గదా రంగు మారేది!

ఒకే నేల, ఒకే వాన. నేల మీద ఏం పెరుగుతోంది, దాన్ని మనం ఏం చేస్తున్నాం అన్నదాంట్లోనే తేడా ఉందని నాకు తోచింది. రెండు పొట్లాలతో సిద్ధాంతం చేయకూడదని లెక్చరర్ గారు హెచ్చరించారు, నిజమే. కానీ రాజస్థాన్ ఎడారిలో జమ్మిచెట్టు కింద సజ్జ బాగా వస్తుందని అక్కడి రైతులు ఎప్పుడో గ్రహించారు. ఆ చెట్టు కింది మట్టిలో కర్బనం, నత్రజని ఎక్కువని 1959 నుంచి జోధ్‌పూర్‌లో ఉన్న కేంద్ర శుష్క మండల పరిశోధనా సంస్థవారు కొలిచి చూపారు.

ఇక మా అనంతపురం సీమ సంగతి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వస్తే. ఎక్కువగా ఎర్ర గరప నేల. బంకమట్టి తక్కువ గనుక నీళ్లనైనా పోషకాలనైనా పట్టి నిలిపేది ఆ కాస్త కర్బనమే. తాతల కాలంలో కొర్ర, జొన్న, సజ్జ, నడుమ కంది, ఆముదం, అలసంద సాళ్లు. జొన్న కోస్తే కొయ్యకాళ్లూ వేళ్లూ చేలోనే ఉండేవి. కంది ఆకు రాల్చేది. తర్వాత శెనక్కాయ వచ్చి అన్నింటినీ నెట్టేసింది. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టే పంట గదా, నేలకు మేలే అని మన పుస్తకం. పుస్తకం రాసినాయన మా చేలో కాయ పెరకడం చూసినట్టు లేదు. చెట్టును వేరుతో సహా పెరుకుతాం. కాయ మండీకి, కట్టె వామికి. చేలో మిగిలేది గుల్లబారిన దుమ్ము. నవంబరు నుంచి జూన్ దాకా దాని మీద ఆకు నీడ ఉండదు. గాలి మొదట ఎత్తుకుపోయేది పైపొరను, సత్తువ ఉండేదీ అందులోనే.

ఎద్దులు ఉన్నన్నాళ్లు కట్టె పేడై, దిబ్బై, కొంతైనా తిరిగి చేనికి చేరేది. ఇప్పుడు ట్రాక్టరు దున్నుతోంది, కట్టెను బండ్లకెత్తి అమ్ముతున్నాం.

బస్తా ఎరువు లేదా అంటారు. ఉంది. డి.ఎ.పి.లో నత్రజని 18 పాళ్లు, భాస్వరం 46 పాళ్లు. పాత సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరంతో పాటు 11 పాళ్ల దాకా గంధకం కూడా ఉండేది. నూనె గింజకు గంధకం ఎంత అవసరమో తెలిసిందే. మన మెట్ట చేలల్లో గంధకం, జింకు, బోరాన్ కొరవడ్డాయని పటాన్‌చెరు ఇక్రిశాట్ వారు చెప్పారు. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలు అచ్చేస్తారు. మంచిదే. చేలోంచి ఏటా ఎన్ని బండ్లు బయటికి పోయాయో, ఎన్ని తిరిగి వచ్చాయో రాసే గడి మాత్రం అందులో లేదు.

మరో మాట. పగలంతా గుట్ట మీద, బీట్లో మేసిన గొర్రెలను రాత్రి చేలో మంద తోలితే, వచ్చేది ఆ బీటి సత్తువే. అంటే మన చేను ఎప్పుడూ తన కాళ్ల మీద తాను నిలబడలేదు. ఆ బీటిని పనికిరాని భూమి అని రాసి, దున్ని, నీలగిరి నాటి, ఇప్పుడు మంద దొరకదేమని విసుక్కుంటున్నాం. పేదకు భూమి పంచొద్దని నేననడం లేదు, అపార్థం చేసుకోకండి. బీడు కూడా పని చేస్తున్న భూమేనని ముందు ఒప్పుకోమంటున్నాను.

రైతును తిట్టడం సులభం. మా ఊళ్లో చాలామందిది కౌలు చేను. దిబ్బ ఎరువు సత్తువ రెండు మూడేండ్లు ఉంటుంది, కౌలు మాట ఒక్క ఏడాదిదే. పక్క ఏడు ఎవడు చేస్తాడో తెలియని చేనికి ఎవరు ఎరువు తోలుతారు? కౌలు కనీసం అయిదేండ్లకు రాసివ్వనిదే ఎన్ని కార్డులిచ్చినా నేల మారదని నా అభిప్రాయం.

మా చేను సొంతమే. అయినా ఇంట్లో వాదన తెగలేదు. కానుగ నీడకు రెండు సాళ్లు కాపుండడం లేదు, ఈ వేసవికి కొట్టేద్దామంటాడు మా నాయన. ఆయన చెప్పే రెండు సాళ్ల నష్టం అబద్ధం కాదు, నేనూ చూశాను. కొమ్మలు మాత్రం కొట్టించి ఆ ఆకును చేలో వేద్దామన్నాను. ఫ్లాస్కు రంగు సంగతీ చెప్పాను. విన్నాడు. ఇంకా సరే అనలేదు.