బదిలీలు నాకు నేర్పిన తెలుగు



నాలుగు ఊళ్ళు తిరిగినవారికి లోకజ్ఞానం కలుగుతుందని, మనుషులలోని భిన్నత్వం తెలిసివస్తుందని పెద్దలు చెబుతుంటారు. నేను కూడా చాలాకాలం అదే నమ్మాను. కృష్ణా తీరంలో పుట్టి పెరిగి, వివాహానంతరం కర్ణాటకకు వచ్చి, బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం అనే మూడు ఊళ్ళలో వరుసగా తెలుగు బోధించిన తరువాత ఆ మాటకు ఒక చిన్న సవరణ అవసరమని నాకనిపిస్తున్నది. ఊరు మారినంత మాత్రాన భిన్నత్వం అర్థం కాదు. క్రొత్త ఊరిలో తప్పుగా కనబడినదానిని చూచి, 'తప్పు నా చూపులో ఉన్నదేమో' అని ఒక్కసారైనా అనుమానించినవారికే అది అర్థమవుతుంది. నాకు ఆ అనుమానం కలగడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో నా చేతిలోని ఎర్ర కలం కొందరు పిల్లలకు అన్యాయం చేసింది. ఆ సంగతి దాచకుండా చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈ ప్రాంతాన్ని ఎరుగనివారి కోసం ముందుగా కొంత పరిచయం. 2007లో కోలారు జిల్లా నుండి విడివడి చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది. హైదరాబాదు నుండి బెంగళూరుకు వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి ఆంధ్ర సరిహద్దు దాటగానే బాగేపల్లి తాలూకాలో ప్రవేశిస్తుంది. చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర పినాకిని నదులు ఈ జిల్లాలో పుట్టి ఉత్తరంగా ఆంధ్ర దేశంలోకి ప్రవహిస్తాయి. ఉత్తర పినాకిని అంటే మన పెన్నయే. ఇక్కడి తెలుగు కుటుంబాలలో అధిక భాగం నిన్న మొన్న వలస వచ్చినవి కావు. తరతరాలుగా ఈ మడులు దున్నుకొని, ఈ గుడులలో మ్రొక్కుకొని, ఇంట తెలుగు, కచేరీలో కన్నడం మాట్లాడుతూ బ్రతికినవారు. కాబట్టి ఈ కథలో ఊరు మారి వచ్చినది నేను. ఆ సంగతే నేను మరచిపోయాను.

బాగేపల్లిలో అడుగుపెట్టిన మొదటి రోజు నాకు పరమానందమయింది. బస్సులో తెలుగు, కాఫీ హోటలులో తెలుగు, బడి ఆవరణలో తెలుగు. కన్నడం బోధించే ఉపాధ్యాయులు సైతం విరామ సమయంలో తెలుగే మాట్లాడేవారు. 'కర్ణాటకలో ఉన్నానా, మన సీమలో ఉన్నానా' అనుకొన్నాను. కాని తరగతి గదిలో పిల్లలు నోరు విప్పగానే నా ఆనందం చిరాకుగా మారింది. 'వస్తా ఉండాను' అంటారు, 'యాడికి పోతావు' అంటారు. ఇదంతా కన్నడం సోకి చెడిపోయిన తెలుగు అని నాకు నేనే తీర్పు చెప్పుకొన్నాను. దానిని బాగుచేయడమే నా ధర్మమని భావించాను.

ఐదవ తరగతిలో పెంపుడు జంతువుల పేర్లు వ్రాయమన్నాను. ఒక అమ్మాయి 'ఎనుము' అని వ్రాసింది. కన్నడంలో గేదెను 'ఎమ్మె' అంటారు కదా, దాని వికృతి అనుకొని కొట్టివేసి 'గేదె' అని దిద్దాను. మరొక చోట 'అంగడి' అని వ్రాస్తే అదీ కన్నడమే అని కొట్టివేసి 'దుకాణం' అని వ్రాశాను. ఆ అమ్మాయి దిద్దిన పలకను కాసేపు చూచి, 'టీచర్, అట్లయితే మా అవ్వ మాట్లాడేదంతా తప్పేనా?' అని అడిగింది. 'తప్పేనమ్మా, నీవు బడిలో సరైనది నేర్చుకొని ఇంట్లో చెప్పాలి' అన్నాను. సంవత్సరం చివర ఆ అవ్వ బడికి వచ్చింది. కోపంగా రాలేదు. 'మీ బడికి వచ్చినప్పటి నుంచి మా పాప నాతో మాట్లాడేదే తగ్గించేసింది టీచరమ్మా. నా మాట తప్పంట కదా. మరి నేను ఏ మాట మాట్లాడేది?' అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ రాత్రి బ్రౌణ్య నిఘంటువు తీశాను. 'ఎనుము' అందులో ఉంది. 'అంగడి' ఉంది. రెండూ చక్కటి పాత తెలుగు మాటలు. నేను గొప్పగా దిద్దిన 'దుకాణం' మాత్రం అరబ్బీ నుండి పారసీకం మీదుగా వచ్చిన మాట. అచ్చమైన తెలుగును కొట్టివేసి అరువు మాటను పెట్టి, అదే శుద్ధి అనుకొన్నాను! 'వస్తా ఉండాను', 'యాడికి' అన్నవి అనంతపురం, కడప జిల్లాలలో లక్షలమంది నిత్యం పలికే మాటలు. కృష్ణా తీరపు పలుకు తెలుగు పలుకులలో ఒకటి మాత్రమేనని అంతవరకు నాకు తోచకపోవడానికి కారణం ఒక్కటే. నేను పుట్టిన చోట నన్నెవరూ దిద్దలేదు.

ఇక్కడ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ను తలచుకోవడం అవసరం. ఆయన 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. పరాయి దేశం నుండి వచ్చినవాడు, పైగా పాలకుల పక్షంవాడు. అయినా ఇక్కడి మాటను ముందు విన్నాడు, వ్రాసుకొన్నాడు, పండితులను కూర్చుండబెట్టుకొని అడిగాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు, 1852లో నిఘంటువు వెలువరించాడు. కన్నడానికి జర్మనీ నుండి వచ్చిన ఫెర్డినాండ్ కిట్టెల్ అటువంటి సేవే చేశాడు. ఆయన కన్నడ నిఘంటువు 1894లో వెలువడింది. ఎక్కడి నుండో వచ్చిన ఈ ఇద్దరూ పల్లె మాటను సేకరించి పదిలపరిస్తే, తెలుగు ఇంట పుట్టిన నేను దానిని ఎర్ర సిరాతో కొట్టివేశాను.

తరువాత చింతామణికి బదిలీ అయింది. అక్కడి వాతావరణం వేరు. అంగడివాడు ఒక బేరానికి తెలుగు, మరొక బేరానికి కన్నడం, ఇంకొకరితో ఉర్దూ మాట్లాడతాడు. అడిగితే తాను మూడు భాషలు మాట్లాడుతున్నాననే స్పృహ కూడా ఉండదు. ఈ తాలూకాలోనే కైవారం ఉంది. తాతయ్యగా జనం కొలిచే యోగి నారేయణ యతీంద్రులు అక్కడ తెలుగు, కన్నడ భాషలు రెండింటిలోనూ తత్త్వాలు, కీర్తనలు రచించారు. ఆయనకు రెండు భాషలు రెండు కళ్ళు. మనం మాత్రం ఒకటి తెరవాలంటే రెండవది మూయాలి అన్నట్లు ప్రవర్తిస్తున్నాము.

చింతామణిలో ఒక విద్యార్థి ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాయనమ్మ ఒక పాత నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో జోలపాటలు, పెళ్ళిపాటలు ఉన్నాయని చెప్పింది. అన్నీ తెలుగు పాటలే. కాని వ్రాసినది కన్నడ లిపిలో! ఆవిడ చిన్ననాట చదువుకొన్న నాలుగు తరగతులు కన్నడంలో సాగాయి. తెలుగు నోటికి వచ్చు, చేతికి రాదు. 'చదవండి టీచరమ్మా' అన్నది. తెలుగు ఉపాధ్యాయురాలినైన నేను, నా ఎదుట ఉన్న తెలుగును చదవలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఆ వారం కన్నడ అక్షరాలు మొదలుపెట్టాను. రెండు లిపులకూ మూలం ఒక్కటే కనుక పదిహేను రోజులలో పట్టుబడ్డాయి. నా మాతృభాషను చదువుకోవడానికి పొరుగు భాష లిపి నేర్చుకొన్నాను. ఊరు మారకపోతే ఈ పాఠం నాకు ఏ శిక్షణ కళాశాలలోనూ దొరికేది కాదు.

కన్నడం నేర్చుకొన్నకొద్దీ తెలుగు కూడా క్రొత్తగా కనబడసాగింది. పాత కన్నడంలో పకారంతో మొదలయ్యే అనేక పదాలు కాలక్రమంలో హకారానికి మారాయి. తెలుగులో పకారం నిలిచింది. మన పాలు వారికి హాలు. మన పులి హులి, మన పాము హావు, మన పంది హంది. మన పల్లె వారి హళ్ళి. ఒకే జిల్లాలో ఇటు బాగేపల్లి, అటు ముద్దేనహళ్ళి ఉండడంలోని అందం అప్పుడు తెలిసింది. ఈ జాబితాను నల్లబల్ల మీద వ్రాస్తే పిల్లలు ఎగిరి గంతులు వేస్తూ క్రొత్త జంటలు చెబుతారు. మరుసటి రోజు నుండి కన్నడ తరగతిలో వారి పలుకు కూడా మెరుగవుతుంది. 2025లో బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని కర్ణాటక మంత్రివర్గం నిర్ణయించింది. పేర్లు ప్రభుత్వాల ఇష్టం. కాని 'పల్లి'కి, 'హళ్ళి'కి ఉన్న చుట్టరికాన్ని మన పిల్లలకు చెప్పవలసినది మనమే.

మూడవ మజిలీ చిక్కబళ్ళాపురం. బెంగళూరు దగ్గర కావడంతో అక్కడ ఆంగ్ల మాధ్యమంపై మోజు అధికం. ఇంట తెలుగు మాట్లాడే ఒక తండ్రిని 'పిల్లవానికి తెలుగు అక్షరాలు నేర్పించరాదా' అని అడిగాను. 'మాది మంచి తెలుగు కాదండీ, ఏదో మాట్లాడుకొనేది మాత్రమే. దాన్ని చదువుకొనేది ఏముంది?' అన్నాడు. ఆ మాట విని బాగేపల్లి అవ్వ గుర్తుకు వచ్చింది. ఈయన చిన్నతనంలో కూడా నావంటి ఉపాధ్యాయులెవరో ఎర్ర కలంతో దిద్ది ఉంటారు! తెలుగు తరగతులు పలచబడడానికి కన్నడమో, ఆంగ్లమో కారణమని మనం తరచుగా వాపోతుంటాము. అది కొంత నిజం. తన ఇంటి తెలుగు చదువుకు తగినది కాదని తెలుగువాడినే మనం నమ్మించడం మరొక కారణం. దానికి బాధ్యులము మనమే.

ఆ చిక్కబళ్ళాపురం ప్రక్కనే ముద్దేనహళ్ళి ఉంది. అక్కడ పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఇంటి భాష తెలుగు. ఇంటి పేరు గిద్దలూరు దగ్గరి మోక్షగుండం గ్రామం నుండి వచ్చినది. చిక్కబళ్ళాపురంలో ప్రాథమిక విద్య, బెంగళూరులో, పూనాలో పై చదువులు, బొంబాయి ప్రెసిడెన్సీలో ఉద్యోగం. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదు రక్షణకు పథకం రచించారు. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నారు. కన్నడ సాహిత్య పరిషత్తు 1915లో స్థాపితమైనది ఆయన దివానుగా ఉన్న కాలంలోనే. ఇంటి తెలుగు ఆయనను కన్నడ నాడుకు దూరం చేయలేదు, కన్నడ నాడు ఆయన ఇంటి పేరును చెరపలేదు.

చట్టం సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 1956లో చేరిన రాజ్యాంగంలోని 350ఏ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతున్నది. 2014లో సుప్రీంకోర్టు, మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా విధించరాదని, ఎంపిక తల్లిదండ్రులదని కర్ణాటక కేసులోనే తీర్పు ఇచ్చింది. 2015 నాటి కర్ణాటక చట్టం ప్రకారం పాఠశాలలలో కన్నడం ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో తప్పక నేర్పాలి. అది న్యాయమే. ఇక్కడి నీరు త్రాగేవారు ఇక్కడి భాష నేర్చుకోవాలి. ఈ మూడింటినీ కలిపి చూస్తే తేలేది ఒకటే. పిల్లవాడు తెలుగు చదవాలా వద్దా అన్నది చివరకు తల్లిదండ్రుల మనసులో తేలుతుంది. ఆ మనసులో తమ మాట పట్ల గౌరవం లేనినాడు ఏ అధికరణమూ తెలుగు తరగతిని నిలబెట్టలేదు.

'మరి పరీక్ష మాటేమిటి? పదవ తరగతిలో ప్రథమ భాషకు 125 మార్కులు. ఇంటి యాసలో వ్రాస్తే మార్కులు వేస్తారా?' అని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. సమంజసమైన ప్రశ్న. గ్రంథస్థమైన తెలుగును శ్రద్ధగా నేర్పవలసినదే, అందులో రాజీ లేదు. అయితే నేర్పే పద్ధతి మార్చుకోవచ్చు. ఇప్పుడు నేను ఎనుమును కొట్టివేయను. ప్రక్కన గేదె, బర్రె అని వ్రాస్తాను. 'మీ అవ్వ మాట ఇది, పుస్తకం మాట ఇది, రెండూ మనవే. పరీక్షలో పుస్తకం మాట వ్రాయి' అంటాను. పిల్లలకు ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. పెండ్లికి ఒక బట్ట, పొలానికి ఒక బట్ట కట్టుకొనే ఇళ్ళ నుండి వచ్చిన పిల్లలే కదా!

ఆచరణలో నేను చేస్తున్నవి మూడు. మొదటిది, ప్రతి విద్యార్థి చేత 'మా ఇంటి మాటలు' అనే పుస్తకం పెట్టించి, వారానికి పది మాటలు అవ్వాతాతలను అడిగి వ్రాయించడం. రెండవది, తెలుగు, కన్నడ పదాల జంటలను రెండు లిపులలోనూ ప్రక్కప్రక్కన వ్రాయించడం. మూడవది, క్రొత్తగా బదిలీపై వచ్చే తెలుగు ఉపాధ్యాయులకు మొదటి నెల దిద్దవద్దని, వినమని చెప్పడం. వీటికి ఖర్చు లేదు, పై అధికారుల అనుమతి అక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. రేపు మీ పిల్లలు బెంగళూరుకో, హైదరాబాదుకో, సముద్రాల ఆవలకో వెళతారు. అక్కడ వారి పలుకును చూచి నవ్వేవారు ఉంటారు, వారికి వింతగా తోచే పలుకులూ ఉంటాయి. తన ఇంటి మాటకు చిన్ననాడే గౌరవం పొందిన బిడ్డ ఎదుటివాని మాటను చూచి నవ్వడు. ఆ గౌరవం పొందనివాడు, నేను బాగేపల్లిలో చేసినట్లే, చేతికి కలం రాగానే ఇతరులను దిద్దడానికి బయలుదేరుతాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. కాని ఆ అవ్వ ప్రశ్నకు సమాధానం మాత్రం ఇప్పుడు నా దగ్గర ఉంది. 'నీ మాటే మాట్లాడవ్వా. నీ మనవరాలు దానిని పలక మీద వ్రాస్తుంది. నేను దిద్దను.'