నూటికి నూరు

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు నుండి మదీనా కూడలి వైపు నడిచేవారికి పత్తర్‌గట్టిలో ముత్యాల దుకాణాలు బారులు తీరి కనిపిస్తాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, దక్కను పీఠభూమి మీద ఉన్న ఈ ఊరికి ముత్యాల నగరమనే పేరు రావడం ఒక విచిత్రం. ముత్యం ఇక్కడ పుట్టదు. పూర్వం పర్షియా సింధుశాఖ నుండి బస్రా ముత్యాలు వచ్చేవి. నేడు వచ్చేవాటిలో చైనా దేశపు మంచినీటి ముత్యాలే ఎక్కువ. ఎక్కడో పుట్టిన ముత్యాన్ని ఇక్కడ పరీక్షిస్తారు, ఏరుతారు, దండగా గుచ్చుతారు, వెలకడతారు. ఈ వీధికి కీర్తి తెచ్చినది ముత్యాన్ని చూసే కన్ను.

ఆ కన్ను పనిచేసే తీరు ఆసక్తికరంగా ఉంటుంది. అసలు ముత్యాన్ని పంటి అంచుకు రాస్తే సన్నని ఇసుక తగిలినట్లు గరుకుగా ఉంటుంది. గాజుపూస నున్నగా జారిపోతుంది. దండలోని పూసలన్నీ ఒకే గుండ్రనతో, ఒకే నిగ్గుతో, ఎక్కడా చిన్న మచ్చయినా లేకుండా చవకగా దొరికితే కొత్తవాడు మురిసిపోతాడు. అనుభవజ్ఞుడు మాత్రం ముందుగా అనుమానిస్తాడు. లోపం లేకపోవడమే అతని దృష్టిలో మొదటి ప్రశ్న.

ఈ సంగతి నాకు మరొకచోట గుర్తుకు వచ్చింది. పత్తర్‌గట్టికి కొద్ది దూరంలోనే మొఘల్‌పురా గల్లీలు ఉన్నాయి. అక్కడ ఒక చిన్న గదిలో నాలుగు టీవీలు పెట్టి, గంటకు ఇంత అని తీసుకొని పిల్లల చేత వీడియో గేములు ఆడించే దుకాణం ఒకటి ఉంది. మా మేనల్లుడిని వెతుక్కుంటూ ఒక సాయంకాలం అక్కడికి వెళ్ళాను. మేనల్లుడు ఆటలో మునిగి ఉన్నందున దుకాణదారుతో మాటలలో పడ్డాను. కొత్త ఆట డిస్కు ఒక్కటి కొనాలంటే నాలుగైదు వేల రూపాయలు కావాలట. ఆ చిన్న వ్యాపారానికి అది చిన్న మొత్తం కాదు. పదికి పది మార్కులు వచ్చాయని చదివి ఆయన ఒక డిస్కు తెప్పించాడు. పిల్లలు వారం రోజులు ఆడి మళ్ళీ దాని ముఖం చూడలేదు.

“పదికి పది అని రాసినోడు పైసలు పెట్టి కొన్నడా సార్?” అని ఆయన నన్ను అడిగాడు.

ఆటల లోకం నాకు అంతగా తెలియదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. సమీక్షకుడు ఇచ్చే నూటికి నూరును ఎంతవరకు నమ్మవచ్చునో తెలుసుకోవాలని కొంత చదివాను. చదివిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఇది: పూర్తి మార్కులన్నీ అబద్ధం కావు, కానీ ఎవరు, ఎప్పుడు, ఏ స్థితిలో ఇచ్చారో తెలియని పూర్తి మార్కులకు విలువ లేదు.

జపాను దేశంలో ఫామిట్సు అనే ఆటల పత్రిక ఉంది. అది 1986లో మొదలయింది. ఒక్కొక్క ఆటను నలుగురు సమీక్షకులు విడివిడిగా పరిశీలించి పదేసి మార్కులకు తీర్పు చెబుతారు. మొత్తం నలభై. పన్నెండేళ్ళ పాటు ఆ పత్రిక ఏ ఆటకూ నలభైకి నలభై ఇవ్వలేదు. 1998లో నింటెండో సంస్థ తయారుచేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్’ అనే ఆటకు మొదటిసారిగా ఆ గౌరవం దక్కింది. అది గొప్ప ఆట అని నేటికీ లోకం ఒప్పుకుంటున్నది. ఆ తరువాత కథ మారింది. 2009లో ఒక్క సంవత్సరంలోనే నాలుగు ఆటలకు నలభైకి నలభై వచ్చాయి. పన్నెండేళ్ళకు ఒక్కసారి వచ్చినది ఏడాదికి నాలుగు సార్లు రావడం మొదలయితే, ఆటలు అంతగా మెరుగుపడ్డాయని కొందరు అనవచ్చు. నాకు మాత్రం కొలబద్ద కురచయిందని అనిపిస్తుంది. పుష్కరానికి ఒకసారి వచ్చే పుష్కరం ప్రతి మూడు నెలలకూ వస్తే, నదికి వెళ్ళేవారు ఎందరు?

సమీక్షకుడి చేతిని పట్టుకొనే వారు ఎవరన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఆటల సమీక్షలు ప్రచురించే సంస్థలకు ప్రధాన ఆదాయం ప్రకటనల నుండి వస్తుంది. ఆ ప్రకటనలు ఇచ్చేవారు ఆటలను అమ్మేవారే. 2007లో గేమ్‌స్పాట్ అనే ప్రసిద్ధ అమెరికా సంస్థలో జెఫ్ గెర్‌స్ట్‌మన్ అనే సమీక్షకుడు ‘కేన్ అండ్ లించ్’ అనే ఆటకు పదికి ఆరు మార్కులు ఇచ్చాడు. ఆ సమయంలో అదే ఆట ప్రకటనలు ఆ సంస్థ పుటల నిండా ఉన్నాయి. కొద్ది రోజులలోనే అతని ఉద్యోగం పోయింది. ప్రకటనలు ఇచ్చేవారి ఒత్తిడికి యాజమాన్యం లొంగిందని 2012లో అతడే బహిరంగంగా చెప్పాడు. అతడు ఇచ్చినది సున్నా కాదు, ఆరు. మన పరీక్షలలో అయితే అది ప్రథమ శ్రేణి! ప్రథమ శ్రేణి మార్కులకే ఉద్యోగం పోయే చోట, పదికి పది ఇచ్చిన చేతిని అనుమానించకుండా ఉండగలమా? ఆ పదిని ఇచ్చినవాడు నిజాయితీపరుడే కావచ్చు. అతనికి వచ్చిన చిక్కల్లా, తన నిజాయితీని నిరూపించుకునే దారి లేకపోవడమే.

మార్కుల వెనుక జీతాలు కూడా ఉంటాయని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. పలు పత్రికలు ఇచ్చిన మార్కులను ఒకచోట చేర్చి నూటికి సగటు కట్టే మెటాక్రిటిక్ అనే సంస్థ 2001లో మొదలయింది. 2010లో విడుదలైన ‘ఫాలౌట్: న్యూ వేగాస్’ అనే ఆటకు ఆ లెక్కలో 84 వచ్చాయి. ఆ ఆటను తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు 85 వస్తేనే అదనపు సొమ్ము ఇస్తామని ఒప్పందం. ఒక్క మార్కు తక్కువయిందని ఆ సొమ్ము రాలేదు. ఈ విషయాన్ని ఆ సంస్థకు చెందిన ప్రముఖుడే 2012లో వెల్లడించాడు. సంవత్సరాల తరబడి రాత్రింబగళ్ళు పనిచేసినవారి ప్రతిఫలం ఒక్క అంకె మీద వేలాడుతున్నప్పుడు, ఆ అంకెను పైకి నెట్టాలని అందరికీ ఉంటుంది. పాపం, అందులో వింత ఏమున్నది?

ఎవరి ఒత్తిడీ లేకపోయినా, సమీక్షకుడు చూసినదీ మనం కొన్నదీ ఒకటి కాకపోవచ్చు. పోలండు దేశపు సంస్థ తయారుచేసిన ‘సైబర్‌పంక్ 2077’ అనే ఆట 2020 డిసెంబరు 10న విడుదలయింది. విడుదలకు ముందు సమీక్షకులకు మంచి కంప్యూటర్ల మీద ఆడే ప్రతిని మాత్రమే అందజేశారు. వారిలో కొందరు మురిసిపోయి పూర్తి మార్కులు ఇచ్చారు. తీరా పాత ప్లేస్టేషన్ల మీద ఆడిన సామాన్యులకు ఆట మాటిమాటికీ ఆగిపోయింది, బొమ్మలు చెదిరిపోయాయి. వారం తిరిగేసరికి సోనీ సంస్థ ఆ ఆటను తన అంగడి నుండి తొలగించి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇస్తామని ప్రకటించింది. 2021 జూన్‌లో గానీ అది తిరిగి అమ్మకానికి రాలేదు. ఆ సమీక్షకులు అబద్ధం ఆడారని నేను అనను. దుకాణదారు తన దీపం కింద చూపిన ముత్యాన్ని చూసి వారు తీర్పు చెప్పారు. అదే ముత్యాన్ని వీధిలోకి తెచ్చి, పగటి వెలుతురులో ఒకసారి చూసి ఉండవలసింది.

మార్కులు వేసే పని నాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి జవాబు పత్రాలు దిద్దినవాడిని. భాషా పత్రంలో నూటికి నూరు వేయరాదనే పట్టుదల మా గురువులకు ఉండేది. వ్యాసం ఎంత బాగా రాసినా ఇంకొక మాట మెరుగ్గా పడవచ్చునని వారి నమ్మకం. ఆ పట్టుదలలో కొంత మొండితనం లేకపోలేదు. తరువాత గాలి ఇటు తిరిగింది. మార్కులు ధారాళంగా వస్తాయని సంస్కృతాన్ని ద్వితీయ భాషగా తీసుకొనే విద్యార్థులు మన కళాశాలల్లో ఎందరో ఉన్నారు. (ఈ పాఠం చదువుతున్నారంటే మీరు ఆ దారిన వెళ్ళలేదన్నమాట, సంతోషం.) పత్రాలు దిద్దేటప్పుడు నేనొకటి గమనించాను. డెబ్బది నాలుగు వేసిన పత్రంలో ఎక్కడ ఎందుకు తగ్గించానో చూపగలను. ఎక్కువ మార్కులు వేసిన పత్రాలను మాత్రం తొందరగా తిప్పేసిన రోజులు ఉన్నాయి. తప్పు వెతకడానికి ఓపిక కావాలి. మెచ్చుకోవడానికి అంత ఓపిక అవసరం లేదు. సాయంకాలం అయిదు గంటలకు, కట్టలో ఇంకా పది పత్రాలు మిగిలి ఉన్నప్పుడు, ఈ భేదం బాగా తెలుస్తుంది.

నూరును అనుమానించేవారు సున్నాను నమ్మడం మరొక పొరపాటు. 2020 జూన్‌లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ అనే ఆట విడుదలైన కొద్ది గంటలలోనే మెటాక్రిటిక్‌లో ఆటగాళ్ళు వేలకొద్దీ సున్నాలు గుప్పించారు. ఆ ఆటను పూర్తిచేయడానికి సుమారు ఇరవై అయిదు గంటలు పడుతుంది! ఆడకుండానే తిట్టేవారి కోపం కూడా, ఆడకుండానే పొగిడేవారి భక్తి వంటిదే. తెలుగు సినిమా సమీక్షకులు అయిదింటికి రెండు ముప్పావు, మూడుంబావు అంటూ పావులు లెక్కపెట్టడం చూసి నేను నవ్వుకునేవాడిని. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పావులో ఒక జంకు, ఒక తూకం ఉన్నాయనిపిస్తున్నది. తరువాత పోస్టరు మీదికి ఎక్కేది మాత్రం అన్నిటికంటె పెద్ద అంకె ఒక్కటే.

పూర్తి మార్కులను సమర్థించేవారి మాటలోనూ బలం ఉన్నది. పదికి పది అంటే లోపం లేదని అర్థం కాదనీ, ఇంతకు మించి అడగలేనని మాత్రమే అర్థమనీ వారు అంటారు. మనసారా నచ్చిన కృతికి తొమ్మిదిన్నర ఇచ్చి ఆగిపోవడం పిసినారితనమే. నేను ఒప్పుకుంటాను. కాని ఆ అర్థాన్ని అంకె తనంతట తాను చెప్పదు. పక్కన ఉన్న వాక్యాలు చెప్పాలి. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు వెనుక మాంసం, గోధుమ, నెయ్యి ఎటువంటివి వాడాలో, కట్టెల పొయ్యి మీద ఎన్ని గంటలు ఉడకాలో చెప్పే నియమాలు ఉన్నాయి. దానిని ప్రశ్నించదలచినవాడు గిన్నెలోకి తొంగి చూడవచ్చు. నక్షత్రాల వెనుక అటువంటి గిన్నె ఏదీ కనిపించదు.

మన ప్రభుత్వానికీ ఈ బాధ తెలిసింది. వినియోగదారుల సమీక్షలను ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో తెలిపే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో వెలువరించింది. దానిని స్వచ్ఛందంగా పాటించవలసినదిగానే తెచ్చారు. స్వచ్ఛందం అన్నమాటకు మన బజారులో ఎంత బరువు ఉంటుందో పాఠకులకు తెలియనిది కాదు.

మొన్న మళ్ళీ మొఘల్‌పురా వెళ్ళాను. దుకాణదారు దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంది. గంటల డబ్బు లెక్క కోసం ఏ టీవీ మీద ఏ ఆట ఎంతసేపు ఆడారో అందులో రాసుకుంటాడు. చూడనిస్తారా అని అడిగితే నవ్వి నా ముందు పెట్టాడు. ఫుట్‌బాల్ ఆట పేరు పుట తరువాత పుట నిండి ఉంది. పదికి పది వచ్చిన ఆట వెతికితే మూడు చోట్ల కనిపించింది, మూడూ ఒకే వారంలో. నేను పుస్తకం తిరగేస్తుండగా ఒక కుర్రవాడు వచ్చి, కొత్త ఆట వచ్చిందనీ, అందరూ బ్రహ్మాండమని రాస్తున్నారనీ, తెప్పించమనీ అడిగాడు.

“ఒక నెల ఆగు బేటా,” అన్నాడు ఆయన, “కొన్నోళ్ళు ఏమంటరో చూద్దాం.”